చింతపండు కాడ అబద్ధం, అన్నం కాడ నిజం

ఈ అధ్యాయంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని శృంగవరపుకోట సమాధుల దొడ్లో పడుకున్న మా సలోమి పెద్దమ్మ మీద, ఆవిడ పక్కన ఇద్దరు మనుషుల చోటు ఆక్రమించుకుని పడుకున్న మా దానియేలు పెదనాన్న మీద ఒట్టేసి చెబుతున్నాను. నేను ఒట్టు మొదలెట్టగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు అది అలవాటైపోయింది. నన్నెరిగినవాళ్ళు నేను చెప్పినదాంట్లో సగం తీసి అవతల పడేసి, మిగిలిన సగాన్ని ఎండలో పెట్టి చూసిగానీ నమ్మరు. భోగాపురం దగ్గర విమానాల కోసం నేల చదును చేస్తున్నప్పుడు ఒక పనసచెట్టు తనంతట తానే లేచి పక్క ఊరికి నడిచి వెళ్ళిపోయిందని ఒకసారి రాశాను. ఆ పక్క ఊరివాళ్ళు ముగ్గురు మా ఇంటికొచ్చి, చెట్టు తమ ఊరు ఇంకా చేరలేదని ఫిర్యాదు చేశారు. అలాంటి మనిషిని నేను. కాబట్టి ఈసారి ఒట్టు కాస్త గట్టిగా వేస్తున్నాను.

ఇది రాయడానికి కారణం ఒక అమ్మాయి రాక. జిల్లాలో పిల్లల సంరక్షణ చూసే కార్యాలయం నుంచి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, భుజాన సంచి, చేతిలో కాగితాల అట్ట. సొంత ఇంట్లోనే దెబ్బలు తిని, ఇక ఆ ఇంట్లో ఉండలేని పిల్లల్ని కొంతకాలం తమ దగ్గర పెట్టుకుని చూసుకునేవాళ్ళు కావాలంటే, పిల్లలు లేని మేమిద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. ఎనిమిదేళ్ళ పాప ఒకతె ఉంది, ఎవరితోనూ మాట్లాడదు, మీ ఇల్లు చూసి వెళ్ళాలి అంది. చూసింది. గదులు, నుయ్యి, మరుగుదొడ్డి, మా ఆవిడ పెంచే కోళ్ళు అన్నీ రాసుకుంది. ఆ తరువాత నా ఎదురుగా కూర్చుని కాగితంలోంచి ఒక ప్రశ్న చదివింది: "మీ బాల్యంలో కుటుంబంలో హింస ఎదుర్కొన్నారా సార్? ఎదుర్కొంటే, ఎలా కోలుకున్నారు?"

నేను వెంటనే ఒక గేదె కథ అందుకున్నాను. గజపతినగరం సంతలో తప్పించుకున్న గేదె నన్ను కొమ్ముల మీద ఎత్తుకుని రైలుపట్టాల దాకా మోసుకెళ్ళిన కథ. బాగా చెప్పాను, ఆ అమ్మాయి నవ్వింది కూడా. నవ్వి, కలం మూత పెట్టేసి, "ఈ గడి ఖాళీగా ఉంచుతున్నాను సార్. మళ్ళీ వారం వస్తాను, అప్పుడు చెప్పండి" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. వీధి మలుపు తిరిగేదాకా చూసి మా ఆవిడ నావైపు తిరిగి, "అంత సిన్న ప్రశ్నకి అంత పెద్ద గేదె ఎందుకొచ్చినాదండీ?" అంది. కాగితంలో ఆ గడి నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటుంది. నా జవాబు దాంట్లో పట్టదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. గజపతినగరంలో మా నాన్న, నేను. మా నాన్న టైలరు. ఆయన కుట్టిన చొక్కా వేసుకుంటే పెళ్ళికొడుకు కానివాడు కూడా పెళ్ళికొడుకులా ఉంటాడని పేరు. ఆదివారం గుళ్ళో ఆయన పాట ఎత్తుకుంటే వెనక బల్లల మీద కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. తాగేవాడు కాదు. తాగి ఉంటే బాగుండేది, ఎవరైనా నమ్మేవారు. బట్ట కొలిచే కర్ర స్కేలుబద్ద ఒకటి ఉండేది, అంచుకి ఇత్తడి రేకు తొడిగినది. కుట్టు తప్పినా, దారం తెగినా, బేరం పోయినా, ఏమీ జరగకపోయినా అది నా వీపు మీదికి వచ్చేది. దెబ్బ కంటే దెబ్బకి ముందు వచ్చే నిశ్శబ్దం భయంగా ఉండేది. కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఇంతకంటే దాని గురించి రాయను. మరునాడు బళ్ళో చొక్కా కింద చారలు కనిపిస్తే మాత్రం జవాబు సిద్ధంగా ఉండేది. జామచెట్టు మీంచి పడ్డాను. సైకిలు చక్రంలో ఇరుక్కున్నాను. గేదె పొడిచింది. చెప్పగా చెప్పగా అవి ముదిరాయి. చెట్టు కింద పాము ఉండేది, పాము పక్కన ముంగిస, ముంగిసని తోలుకొచ్చిన సాయిబు. వినేవాళ్ళు నోరు తెరుచుకుని వింటూ నా వీపు సంగతి మరిచిపోయేవారు. నా కథల పుట్టుక అదీ.

అమ్మ పోయిన రోజున ఏటేటా ప్రార్థన పెట్టేవారు. ఒక ఏడు దానికి అమ్మకి అక్కయిన సలోమి పెద్దమ్మ కోట నుంచి వచ్చింది. మాకు కోట అంటే శృంగవరపుకోటే. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ముక్కు మీద చెమటతో ఉండేది. నూతి దగ్గర నాకు స్నానం చేయిద్దామని చొక్కా విప్పింది.

"ఏటిరా గుంటడా, ఈపు మీద ఈ సారలేటి?"

"గేదె పొడిసినాది పెద్దమ్మా."

"ఎన్ని కొమ్ములేటి దానికి?"

"రెండు."

"మరి సారలు తొమ్మిదున్నాయి" అంది. ఇంకేం అడగలేదు. నీళ్ళు పోసి, తుడిచి, చొక్కా తొడిగి, లోపలికెళ్ళి మా నాన్నతో చాలా మామూలుగా, "మరిదీ, ఈ ఏడు కొండ సింతపండు మా ఈదిలో బస్తాలకి బస్తాలు దిగతాది. సేతులు సాలవు. ఎండాకాలం సెలవులు కదా, గుంటణ్ణి పంపు, పిక్కలు తీయిస్తాను" అంది. మా నాన్న పదిమంది ముందు ఎంత మంచివాడో అప్పుడూ అంత మంచివాడే. "దానిదేముంది వదినా, తీసుకెళ్ళు" అన్నాడు. అలా నేను పిక్కలు తీసే కూలీ కింద తప్పించుకున్నాను.

కోటలో స్టేషను దారిలో పెద్దమ్మ వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. ముందు అరుగు, వెనక మునగచెట్టు, దూరంగా కొండలు. ఎండలు ముదిరేసరికి కొండ ఊళ్ళనుంచి చింతపండు దిగేది. షావుకారు దాన్ని ఇంటింటికీ పంచితే ఆడవాళ్ళు పెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్క తీసి తిరిగి ఇచ్చేవారు. వీధంతా పులుపు. గాలి పులుపు, నీళ్ళు పులుపు, తల దువ్వుకుంటే దువ్వెన పులుపు. ఎవరింటికి వెళ్ళినా వేయించిన పిక్కలు నాలుగు చేతిలో పోసేవారు. దవడలు నొప్పెట్టేదాకా నమిలేవాళ్ళం.

వెళ్ళిన మరునాడు పొద్దున్న వీధిలో పని మొదలైంది. చింతకాయల్ని రాతి మీద పోసి కర్రలతో కొడతారు, పెంకు ఊడడానికి. అన్ని అరుగుల మీదా ఒక్కసారి కర్రలు లేచి పడ్డాయి. నేను నులకమంచం కింద దూరిపోయాను. పెద్దమ్మ గది గదీ వెతికి, చివరికి వంగి మంచం కింద చూసింది. రమ్మనలేదు, చెయ్యి పట్టి లాగలేదు. కాసేపు అలా చూసి, వెళ్ళి చేటతో చింతకాయలు తెచ్చుకుని, మంచానికి వీపు ఆనించి నేల మీద కూర్చుని, ఒక్కొక్క కాయనీ వేళ్ళతో విరిచి పెంకు తీయడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడలేదు. షావుకారు పిసినారితనం గురించి మునగచెట్టుకి చెబుతున్నట్టు తనలో తను చెప్పుకుంది. మధ్యాహ్నానికి నా చెయ్యి ఒకటి మంచం కిందనుంచి వచ్చి చేటలోంచి ఒక కాయ తీసుకుంది. ఆవిడ చూసి చూడనట్టు ఊరుకుంది.

ఆ రోజునుంచి మా అరుగు మీద కర్ర చప్పుడు వినబడలేదు. చేత్తో తీస్తే పని సాగదు. వీధిలో వాళ్ళు రెండు బస్తాలు ముగించేసరికి మాది ఒకటి కూడా అయ్యేది కాదు. పెద్దమ్మ గోళ్ళ సందులు చీలి నల్లబడ్డాయి. షావుకారు గుమాస్తా వచ్చి, "ఏటమ్మా సలోమీ, మీ సరుకు ఎప్పుడూ ఎనకబడతాది?" అంటే, "మా ఇంట సింతపండుకి దెబ్బలు పడవు బాబూ, నెమ్మదిగా వస్తాది" అంది. అతనికేమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మా పెదనాన్న గురించి చెప్పాలి. రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగుమేను. గుమ్మంలో నిలబడితే ఇంట్లో చీకటి పడేది. ఆయన గుసగుసలాడితే పక్కింటివాళ్ళు జవాబిచ్చేవారు. మొదటిరోజు ఆయన లోపలికి రాగానే నేను గోడకి అతుక్కుపోయానట. ఆ మరునాటి నుంచి ఆ మహాకాయుడు పని దిగి వస్తూ వీధి మొదట్లోనే గట్టిగా దగ్గి, "జయరాజూ, నానే వస్తన్నానోయ్!" అని కేకేసేవాడు. అరుగు దగ్గర ఆగి మళ్ళీ అడిగేవాడు: "రావొచ్చా?" నేను తలూపితే వచ్చేవాడు. ఊపకపోతే అరుగు మీదే కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. "ఏటి దానేలు బావా, సొంతింట్లోకెళ్ళడానికి వీసా కావాలేటి నీకు?" అని వీధివాళ్ళు ఎగతాళి చేసేవారు. "ఆపీసరు సిన్నోడే గానీ గట్టోడు, సంతకం పెట్టడు" అనేవాడాయన. ఒకసారి ఆయన్ని కావాలని చాలాసేపు కూర్చోబెట్టాను. వర్షం మొదలైంది. తడుస్తూ కూర్చున్నాడు గానీ లోపలికి రాలేదు. నేనే సిగ్గుపడి తలూపాను.

సాయంత్రం బండికి వస్తాను అంటే ఆ బండికే వచ్చేవాడు. ఆదివారం మామిడికాయ తెస్తానంటే తెచ్చేవాడు. పెద్దమ్మ తలకి నూనె రాసేముందు, "రాయనా?" అని అడిగేది. వద్దంటే సీసా మూత పెట్టేసేది. చిన్న చిన్న మాటలే, కానీ ఒక్కటీ తప్పేది కాదు. నేను మాత్రం వాటిని నమ్మకుండా పరీక్ష పెట్టేవాణ్ణి. ఒకరోజు కొత్త ఆవకాయ జాడీని చూస్తూ చూస్తూ గుమ్మంలో కింద పడేశాను. ఏడాదికి సరిపడా ఊరగాయ. పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. "కాలేటైనా తెగిందేటి?" అంది. లేదన్నాను. పెంకులు ఏరింది, నేల కడిగింది. నేను ఆవిడ వెనకే తిరిగి, చివరికి ఉండబట్టలేక అడిగాను: "ఎప్పుడు కొడతావు పెద్దమ్మా?"

ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. "ఓరి పిచ్చి గుంటడా" అంది. "ఈ ఇంట్లో సింతపండునే కొట్టడం మానీసినాం. నిన్ను కొడతామేటి?"

ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ లేదు. ముగ్గురం పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నాం, దానికి మాత్రం సరుకు కరువు లేదు.

చేత్తో పిక్క తీయడంలో ఒక సుఖం ఉంది, పొద్దంతా మాట్లాడుకోవచ్చు. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆగలేదు. గేదె, పాము, ముంగిస, సాయిబు అంతా కోటకి తరలివచ్చారు. ఆ వేసవిలోనే పట్టపగలు ఒక ఎలుగుబంటి కొండ దిగి మా వీధిలోకి వచ్చింది. షావుకారు కొట్టు ముందు బస్తా చింపి, కూర్చుని, మనిషిలా పిక్కలు ఊస్తూ చింతపండు తింది. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. మా పెదనాన్న సంచిలోంచి రైలు ఆపే ఎర్రజెండా తీసి అడ్డంగా చూపించాడు. ఎలుగు ఆగింది. పచ్చజెండా చూపిస్తే లేచి కొండవైపు వెళ్ళిపోయింది. ఇది ఊరంతా చూసింది.

నా వీపు మచ్చలకి మాత్రం రోజుకొక కారణం చెప్పేవాణ్ణి. పెద్దమ్మ ఒక్కసారి కూడా అబద్ధమనలేదు. ఒకరోజు చేట పక్కన పెట్టి అంది: "ఒరే జయరాజూ, నువ్వు మంచి అబద్ధాలు ఆడతావురా. మానీకు. సింతపండు కాడ కూకున్నంతసేపూ ఎన్ని కావాలంటే అన్ని ఆడు, మాకూ పొద్దుపోతాది. అన్నం కాడ మాత్రం వద్దు. అక్కడ నిజమే సెప్పాలి. సెప్పాలనిపించకపోతే ఊరుకో. ఊరుకోడం అబద్ధం కాదు."

ఇది మా ఇంటి చట్టం. అరుగు మీద అబద్ధం, పీట మీద నిజం. పెదనాన్నకి కూడా వర్తించేది. అన్నం దగ్గర ఆయన, "బీడీలు తగ్గించీసినాను" అంటే పెద్దమ్మ, "అరుగు మీదకెల్లి సెప్పు" అనేది. నేను చాలా రోజులు అన్నం దగ్గర నోరు విప్పలేదు. ఒక మధ్యాహ్నం, ముద్ద పప్పూ, వేయించిన ఎండుమెత్తళ్ళ చేపలూ, ఎందుకో తెలియదు, ముద్ద మింగి చెప్పేశాను: "నాన్న స్కేలుబద్దతో కొడతాడు. రోజూ."

పెద్దమ్మ చెయ్యి కంచంలో ఆగింది. పెదనాన్న ఒక్క ఉదుటున లేచి పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ వంటచెరకు ఫెళఫెళమని విరిగింది. నేను వణకడం చూసి పెద్దమ్మ, "నీ మీద కాదురా, నీ మీద కాదు" అంది. ఆయన తిరిగొచ్చి పీట మీద కూర్చుని, "తప్పయిపోనాది జయరాజూ. అన్నం మధ్యలో నెగిసిపోకూడదు" అన్నాడు. ఒక పెద్దమనిషి నాతో తప్పయిందనడం అదే మొదటిసారి. పెద్దమ్మ అడిగింది: "ఇంకేటైనా సెప్తావా?" నేను తల అడ్డంగా ఊపాను. "సరే, తిను. నువ్వు సెప్పింది నాను నమ్మినాను" అంది. మరింత పప్పు వేసింది.

సెలవులు అయిపోయాయి. ఒక శనివారం పొద్దున్న మా నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో జిలేబీ పొట్లం. పక్కన మా గుడి పెద్ద పౌలు మాస్టారు. పెద్దమ్మ రెండుసార్లు కబురుపెట్టి నన్ను పంపననడంతో, పెద్దమనిషిని తీసుకొచ్చాడు మా నాన్న. మాస్టారు న్యాయమైనవాడే, కానీ మా నాన్న పాటంటే ప్రాణం. ఆయన మాటే చివరి మాట. ఆయన పంపించమంటే నేను ఆ మధ్యాహ్నం బస్సులో గజపతినగరం వెళ్ళిపోవాలి, మిషను చప్పుడు ఆగే ఇంటికి.

అరుగు మీద చింతపండు కుప్ప పక్కనే కూర్చున్నారు. నన్ను పిలిచారు. "జయరాజూ, భయపడకుండా చెప్పు. నాన్న నిన్ను కొడతాడని మీ పెద్దమ్మ అంటోంది. నిజమేనా?" అన్నారు మాస్టారు. మా నాన్న నావైపు చూసి నవ్వాడు, ఆదివారం నవ్వు. నా నాలుక దానంతట అది కదిలింది. "లేదండి. జామచెట్టు మీంచి పడ్డాను. చెట్టు కింద గేదె ఉన్నాది. అది పొడిసినాది. అది సంతలోంచి తప్పించుకున్న గేదె, దానికి ఒక కన్ను నేదు..." అని అందుకున్నాను. చెబుతున్నకొద్దీ నాకే బాగుంది. మాస్టారు తలూపుతూ మా నాన్న భుజం తట్టారు. "చూశావా సలోమీ, కుర్రాడే అంటున్నాడు."

పెద్దమ్మ కంగారుపడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మాస్టారూ, మీరు తప్పు సోట అడిగినారు. ఇక్కడ వీడి మాట సెల్లదు. లోపలికి రండి, అన్నం ఒడ్డిస్తాను, అక్కడ అడగండి."

"అన్నానికీ దీనికీ ఏమిటమ్మా సంబంధం?"

"మా ఇంట్లో ఉన్నాది. రండి. ఎలాగూ తిని ఎల్లాలి కదా."

అయిదుగురం పీటల మీద కూర్చున్నాం. మా నాన్న నా పక్కనే. పెదనాన్న ఎదురుగా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎక్కడికీ పోకుండా కాపలా కాస్తున్నట్టు. పెద్దమ్మ అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. "ఇప్పుడడగండి" అంది. మాస్టారు ఇబ్బందిపడుతూనే మళ్ళీ అడిగారు.

నేను కంచంలోకి చూశాను. ఊరుకోవచ్చు, చట్టంలో ఆ వీలు ఉంది. ఊరుకుంటే బస్సు ఎక్కాలి.

"నాన్న స్కేలుబద్దతో కొడతాడు" అన్నాను.

మా నాన్న నవ్వేశాడు. "చూశారా మాస్టారూ! అరుగు మీద ఒకటి, ఇక్కడ ఒకటి. అబద్ధాలు వీడికి అన్నం తిన్నంత తేలిక."

"అదీ నిజమే కదమ్మా. ఏది నమ్మమంటావు?" అన్నారు మాస్టారు.

"మీరు బళ్ళో పిల్లలకి సెప్పినోరు, మీకు నాను సెప్పాలేటి?" అంది పెద్దమ్మ. "వీడు అబద్ధమైతే అరగంట ఆడతాడు. గేదెకి కన్ను పీకుతాడు, కొమ్ముకి రంగేస్తాడు. ఎండాకాలమంతా ఇన్నాను నాను. ఇది సూడండి, మూడు ముక్కల్లో సెప్పీసినాడు. ఇందులో గేదేది? సెట్టేది? వీడు కట్టింది కాదిది, వీడికి జరిగింది."

మాస్టారు ఏదో అనబోయారు. అప్పుడే మా నాన్న చెంబు కోసం చెయ్యి చాపాడు. నీళ్ళకోసమే, ఇంకేమీ లేదు. ఆ చెయ్యి నా ముందునుంచి వెళ్ళింది. నేను మెడ ముడుచుకుని, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, కంచం తన్నేసి, పీట కింద దూరేంత చిన్నగా అయిపోయాను. అన్నం మాస్టారి ఒళ్ళో పడింది.

చెంబు మా నాన్న చేతిలో అలాగే ఉండిపోయింది. మాస్టారు పంచె మీది మెతుకులు ఒక్కొక్కటీ ఏరి కంచంలో వేశారు. ముప్పై ఏళ్ళు పిల్లల మధ్య బతికిన మనిషి, అలా ముడుచుకోవడం ఏ పిల్లలూ కల్పించలేరని ఆయనకి తెలుసు. తలెత్తి, "గుంటడు ఇక్కడే ఉంటాడు" అన్నారు. ఆయన నోట 'గుంటడు' అన్న మాట, మా యాసలో, అదే మొదటిసారి విన్నాను. "నువ్వు రావద్దు. చూడాలనిపిస్తే నాతో చెప్పు. నేను వీణ్ణి అడుగుతాను. వీడు రమ్మంటే నేనే తీసుకొస్తాను."

మా నాన్న జిలేబీ పొట్లం మరిచిపోయి వెళ్ళాడు. పెదనాన్న దాన్ని వీధికుక్కలకి వేస్తానన్నాడు. వేసినట్టు నేను చూడలేదు గానీ, సాయంత్రం ఆయన మీసం మీద పాకం ఉంది.

ఆ పూటతో నా భయం వదిలిపోయింది. మరునాడు లేచేసరికి వేరే కుర్రాణ్ణి. ఎవరు చెయ్యెత్తినా మెడ ముడుచుకోవడం మానేశాను. మందు వేస్తే జ్వరం తగ్గినట్టు, అంతే.

మా నాన్నని ఆ తరువాత ఎప్పుడో చూశాను, మాస్టారి పక్కన, ఆయన ఇంట్లో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. ఆయన మీద కోపం ఉందా అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఆ రోజు అన్నం దగ్గర ఉన్నాం కనుక ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ అమ్మాయి కాగితాల అట్ట చూస్తే నాకు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. అప్పుడు మాకు ఇంకే దిక్కూ లేదు. చారలు లెక్కపెట్టగలిగిన ఒక పెద్దమ్మ ఉండాలి, ఆమెకి చింతపండు సాకు దొరకాలి, పెద్దమనిషి పంచె మీద అన్నం పడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నేను ఆ బస్సు ఎక్కేవాణ్ణి. ఆ బస్సు ఎక్కినట్టే దెబ్బల మధ్య మిగిలిపోయిన పిల్లలు మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉండేవారని ఇప్పుడనిపిస్తుంది. వాళ్ళు అరిస్తే, "తండ్రి కదా, భయం చెబుతున్నాడు" అనుకుని మేము గిన్నెలు తోముకునేవాళ్ళం. ఇప్పుడు ఒక కార్యాలయం ఉంది. అందులో బస్సెక్కి ఇల్లిల్లూ తిరిగే ఒక అమ్మాయి ఉంది. ఆ పాపతో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు కుర్చీలో కూర్చోదట, నేల మీద కూర్చుని బొమ్మలు వేస్తుందట, పాప చూసేదాకా. "మా శిక్షణలో చెప్పారు సార్, కంటికి సమానంగా కూర్చోవాలని" అంది. మా పెద్దమ్మకి ఆ శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. మంచం పక్కన నేల మీద కూర్చోవాలని ఆవిడ ఎక్కడ నేర్చుకుందో అడగడం మరిచిపోయాను. ఆ కార్యాలయంలో ఆలస్యాలున్నాయి, కాగితాలు పోతాయి, అన్నీ ఉన్నాయి. అయినా ఒక పిల్ల నిజం చెబితే, అది రాసుకోవడానికి జీతం తీసుకునే మనిషి ఒకరున్నారంటే, నా వయసు మనిషికి అది ఎలుగుబంటికంటే పెద్ద వింత.

ఇక ఒట్టు సంగతి. మీరు ఎలుగుబంటి మీద అనుమానపడి ఉంటారు. దాని జోలికి వెళ్ళకండి, దాన్ని ఊరంతా చూసింది. నేను కల్పించింది ఇంకోటి. ఆ పూటతో భయం వదిలిపోయిందని రాశాను చూడండి, అది శుద్ధ అబద్ధం. ఆ అమ్మాయి గడిలో అందంగా ఉంటుందని రాశాను. రేపు మా ఇంటికి వచ్చే పాప దగ్గర మేమూ అలాంటిదే ఆశించి, రాకపోతే ఏదో తప్పు చేశామని కంగారుపడతామేమోనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నిజానికి ఆ తరువాత కూడా మెడ ముడుచుకుంటూనే ఉన్నాను. పెద్దమ్మ అటక మీది డబ్బా అందుకుంటే ముడుచుకున్నాను. పెదనాన్న చొక్కా విప్పుతుంటే ముడుచుకున్నాను. బళ్ళో మాస్టారు బోర్డు తుడిచినా అంతే. ఒక ఏడు, రెండేళ్ళు, మూడో ఏడు కూడా. వాళ్ళు విసుక్కోలేదు. ఆయన వీధి మొదట్లో దగ్గుతూనే ఉన్నాడు, ఆవిడ నూనె సీసా పట్టుకుని అడుగుతూనే ఉంది.

నాలుగో ఏడు వానల్లో, అరుగు మీద నేను లెక్కలు చేసుకుంటున్నాను. పెద్దమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఉన్నట్టుండి చెయ్యెత్తి నా చెంప మీద ఛెళ్ళుమని ఒకటి వేసింది. వేసిన మరుక్షణం తను చేసిన పని తెలిసి కొయ్యబారిపోయింది. లోపల్నుంచి పెదనాన్న, "ఏటా సప్పుడు?" అంటూ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. నేను లెక్క మధ్యలో ఉన్నాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగాను:

"దోమ సచ్చిందేటి పెద్దమ్మా?"

ఆవిడ ముక్కు తుడుచుకుంది.

"సచ్చిందిరా నాయినా" అని అరచెయ్యి విప్పి చూపించింది. నేను చూసి, మళ్ళీ లెక్కలో పడ్డాను. ఆవిడ ఆ చేతిని అలాగే విప్పి, గుమ్మంలో ఉన్న పెదనాన్నకి కూడా చూపించింది.